ఈఎంఐ జీతంలో పడుతుందని ఇంజిన్ కోసం లోన్ తీసుకుంటారా?

మధురవాడలో ఉంటూ రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకాయన రాశారు. 29 ఏళ్లు, పెళ్లి కాలేదు, చేతికి 92 వేలు వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో 2018 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ కారు కొన్నారు. మొదట ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసి పవర్ పెంచే సూపర్‌ఛార్జర్ పెట్టించాలనుకున్నారట, అదే పని చేసే టర్బో ఆల్రెడీ ఉన్న ఇంజిన్‌కి అదెందుకని ట్యూనర్, అంటే కార్ల పవర్ పెంచే మెకానిక్, చెప్పాక డౌన్‌పైప్, ఇంటర్‌కూలర్, బ్రేకులు, టైర్లు, ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచే స్టేజ్ 2 రీమ్యాప్ అన్నీ కలిపి 4 లక్షలకి బెంగళూరు నుంచి కొటేషన్ తెప్పించుకున్నారు. బ్యాంక్ యాప్‌లో 14 శాతానికి 36 నెలల పర్సనల్ లోన్ రెడీగా ఉంది. "ఈఎంఐ 13,700 దాకా పడుతుంది సార్, జీతంలో సరిపోతుంది, తీసుకోమంటారా, లేకపోతే అమ్మ బంగారం పెట్టి తక్కువ వడ్డీకి తీసుకోనా?" అని అడిగారు.

రెండూ వద్దు. అమ్మగారి బంగారం సంగతి అయితే ఇంట్లో అసలు ఎత్తకండి.

ఈ ఉత్తరానికే ఎందుకు జవాబిస్తున్నానంటే "జీతంలో పడుతుంది కదా" అనే మాట నాకు రోజూ వినిపిస్తోంది, బైక్ కోసం, ఫోన్ కోసం, పెళ్లి కోసం, ఇప్పుడు ఇంజిన్ కోసం. మీరు రాసిన లెక్కే చూడండి. అద్దె 16 వేలు, గాజువాకలో అమ్మానాన్నలకి 15 వేలు, కారు లోన్ 17,400, చీటీ 10 వేలు, తిండీ పెట్రోలూ కరెంటూ ఇంకో 18 వేలు. అన్నీ పోను మిగిలేది 15,600. అందులో 13,700 కొత్త ఈఎంఐకి పోతే నెలకి రెండు వేలు కూడా మిగలదు, అదీ మూడేళ్లు, పైగా వడ్డీ కిందే 92 వేల దాకా కడతారు. సేవింగ్స్ అకౌంట్‌లో ఉన్నది 35 వేలు, అంటే ఉద్యోగం పోతే పదిహేను రోజులు కూడా గడవదు. దీన్ని సరిపోవడం అంటారా?

ఇక కారు సంగతి. ఆ 1.8 ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 250 ఎన్ఎమ్ టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. దానికి పెట్టిన 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మోడల్ పేరు డీక్యూ200, దాని కెపాసిటీ కూడా 250 ఎన్ఎమ్ అనే కంపెనీ లెక్క. అంటే గేర్‌బాక్స్ ఇప్పుడే అంచు మీద ఉంది, మీరు దాని మీద 300 పైకి వేస్తానంటున్నారు. క్లచ్ ప్యాక్ పోయినా, గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ మెకట్రానిక్స్ పోయినా బిల్లు లక్షల్లో మాట, మీ కొటేషన్‌లో గేర్‌బాక్స్ అన్న పదమే లేదు, నేను రెండుసార్లు చదివాను. ట్యూనర్ ఉన్నది వెయ్యి కిలోమీటర్ల దూరంలో. భీమిలి రోడ్డులో ఒక ఆదివారం పొద్దున బండి ఆగిపోతే ఆ రోజు మీ దగ్గర ఉండేది ఒక లోను, ఖాళీ అకౌంటు, ఒక క్రెడిట్ కార్డు. ఇక ఆ కార్డే గీకుతారు, దాని వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా వెళ్తుంది.

ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే డ్యామేజ్ క్లెయిమ్ కొట్టేసే అవకాశం గట్టిగా ఉంది. మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడమే కుదరదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5 వేలు ఫైన్ గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇది తెలిశాక కూడా అప్పు చేసి మరీ చేయిస్తానంటే నాకు నిజంగా అర్థం కాదు.

మీకు ముందు కావాల్సింది ఆరు నెలల ఖర్చు. మీ లెక్కలో నాలుగున్నర లక్షలు, ఇంచుమించు ఆ కొటేషన్ అంతే. వైజాగ్‌లో ఉండేవాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదనుకుంటాను, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, చేతిలో కాస్త డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఊరంతా చూసింది. ఉద్యోగం పోవడం దానికంటే పెద్ద తుఫాను, ముందు హెచ్చరిక కూడా ఉండదు.

ఆ 13,700 ఈఎంఐ కట్టగలనన్నారు కదా, అదే మొత్తం ఈ నెల నుంచే ఆర్‌డీలో, అంటే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో, వేయండి. మీ 2 లక్షల చీటీ ఇంకో 9 నెలల్లో అయిపోతుంది, మధ్యలో పాట పాడి తగ్గించుకోకుండా చివరిదాకా ఉంచండి, కమీషన్ పోను వచ్చేది మొత్తం ఇందులోనే కలపండి. చీటీ అయిపోయాక నెల ఖర్చు 66 వేలకి దిగుతుంది, కావాల్సిన ఫండ్ కూడా 4 లక్షలకి తగ్గుతుంది, కాబట్టి ఏడాది తిరిగేసరికి పూర్తవుతుంది. ఆర్‌డీయా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండా అని ఆలోచిస్తూ కూర్చోకండి, ఏదైనా పర్లేదు.

నాన్నగారికి షుగర్ ఉందన్నారు, హెల్త్ ఇన్సూరెన్స్ కవర్ మాత్రం మీ కంపెనీదే ఉంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకి క్లెయిమ్ రావడానికి వెయిటింగ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు కాబట్టి ఆయన పేరు మీద సొంత పాలసీ ఇప్పుడే తీయండి, దానికోసం ఆర్‌డీ కొంచెం తగ్గినా నాకు అభ్యంతరం లేదు.

ఫండ్ నిండాక నెలకి 23 వేలకి పైనే మిగులుతుంది, అప్పుడు ఏడాదిన్నరలో మీ సొంత డబ్బుతోనే ఆ 4 లక్షలు అవుతాయి. అప్పటికీ ట్యూనింగ్ మీద మనసుంటే గేర్‌బాక్స్ ఖర్చు కూడా రాయించి కొత్త కొటేషన్ తీసుకోండి, ఏ మార్పు చేయొచ్చో ఆర్టీఓని, ఇన్సూరెన్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి. లోన్ ఆఫర్ ఈ నెలాఖరుకి ఎక్స్‌పైర్ అవుతుందని రాశారు, అవ్వనివ్వండి. ట్యూనర్‌కి అడ్వాన్స్ కింద కట్టిన 10 వేలు తిరిగిస్తారేమో ఈరోజే ఫోన్ చేసి అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి.