డెబ్బై వేల పిస్టల్ కొనాలా, వద్దా?

ప్రశ్న: మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన వేసవిలో తిరుపతిలో మా అక్క వాళ్లింట్లో ఉండి ఎయిర్ పిస్టల్ క్యాంపుకు వెళ్లింది. అప్పటి నుంచి దానికి అదే లోకం. ప్రతి ఆదివారం తిరుపతి తీసుకెళ్తున్నాను. చెయ్యి నిలకడగా ఉందని కోచ్ అంటున్నారు. అక్కడే ఒక సీనియర్ తన పాత ఇటలీ పిస్టల్ 70 వేలకు ఇస్తానంటున్నాడు. కొత్తదైతే లక్షల్లో ఉంటుందట. ఫొటోలు పంపుతున్నాను. కొనమంటారా? దీన్ని నమ్ముకుంటే భవిష్యత్తు ఉంటుందా? ఇంటర్ ఎంపీసీ దెబ్బతింటుందేమోనని, ఇంట్లో పిస్టల్ ఉంటే ఏమవుతుందోనని నా భార్యకు ఒకటే టెన్షన్.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఆ పిస్టల్ కొనకండి. కానీ అమ్మాయికి ఒక పిస్టల్ మాత్రం కొనండి.

ముందు ఫొటోల సంగతి. మూడో ఫొటోను పెద్దది చేసి చూస్తే, బారెల్ కింద ఉన్న సిలిండర్ మీద చిన్న అంకెల్లో 2014 అని కనిపిస్తోంది. ఈ రకం పిస్టల్ సిలిండర్‌లో గాలిని 200 బార్ల ఒత్తిడి దాకా నింపుతారు. కారు టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంత ఒత్తిడి మోసే వస్తువు కాబట్టి సిలిండర్‌కు తయారీదారులు పదేళ్ల గడువు పెడతారు. ఇది ఆ గడువు దాటిపోయింది. పోటీకి వెళ్లినప్పుడు గడువులో ఉన్న సిలిండర్ వాడటం షూటర్ బాధ్యతే. తనిఖీలో ఎవరైనా తేదీ చూశారంటే అమ్మాయి అక్కడే ఆగిపోతుంది. కొత్త సిలిండర్ తెప్పించుకోవచ్చు, అదీ విదేశీ సరుకే, చవకేమీ కాదు. అంటే మీకు చెప్పిన 70 వేలు అసలు ధర కాదన్నమాట. ఆ సీనియర్ మోసం చేస్తున్నాడని నేననడం లేదు. తేదీ చూసుకోకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లు చాలామందే ఉంటారు.

రెండోది పట్టు, అంటే గ్రిప్. దాని అడుగున ‘ఎల్’ అని ఉంది. పెద్ద చేతికి చేసిన సైజు అది. పధ్నాలుగేళ్ల అమ్మాయి పట్టుకుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జాగా పైకి అతుక్కుని కూర్చోదు. వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌ను అందుకుంటుంది. అందుకోవడానికి మణికట్టు కాస్త తిప్పుతుంది. ఆ తిప్పడం అలవాటైతే వదిలించడానికి కోచ్‌కు ఏడాది పడుతుంది. చెక్క పుట్టీ పూసి, ఆకురాయితో అరగదీసి చేతికి సరిచేసుకునేవాళ్లు ఉన్నారు, నిజమే. ఎదిగే పిల్ల చేతికి ఆ పని ఎన్నిసార్లని చేస్తారు?

మరి కొనమని ఎందుకంటున్నాను? తిరుపతిలోనే ఉండే పిల్లలైతే, ఏడాది పాటు రేంజ్ (షూటింగ్ సాధన చేసే చోటు) వాళ్ల పిస్టల్‌తోనే కానివ్వండి అని చెప్పేవాణ్ని. మీ ఇంటికీ రేంజ్‌కీ మధ్య దాదాపు 70 కిలోమీటర్లు. ఆదివారం కాల్చి వస్తే మళ్లీ ఆదివారం దాకా చేతిలో ఏమీ ఉండదు. ఈ ఆటలో సగానికి పైగా సాధన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండానే జరుగుతుంది. తెల్ల గోడకు ఎదురుగా నిలబడి, ఖాళీ పిస్టల్‌ను ఒంటిచేత్తో ఎత్తి, చూపంతా బారెల్ కొసన గురి కోసం ఉండే సైటు మీదే పెట్టి, ట్రిగ్గర్‌ను మెల్లమెల్లగా నొక్కాలి. ‘టక్’మన్న క్షణంలో ఆ సైటు కదిలిందా లేదా, అంతే చూసుకోవాలి. పది సెకన్లలో షాట్ పడకపోతే మొండికేయకుండా చెయ్యి దించేసి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలు. బడికి వెళ్లే ముందు రోజూ ఇరవై నిమిషాలు చేస్తే ఆదివారం రేంజ్‌లో గంటసేపు కాల్చినదానికి విలువ వస్తుంది. ఈ పనికి రెండు లక్షల పిస్టల్ అక్కర్లేదు.

మీకు సరిపోయేది లీవరు రకం. ఒకసారి లీవరు లాగి మూస్తే ఒక పెల్లెట్‌కు సరిపడా గాలి ఎక్కుతుంది. సిలిండర్ లేదు, నింపించుకునే బెంగ లేదు, పదేళ్ల గడువూ లేదు. స్పెయిన్ గామో కాంపాక్ట్, ఇటలీ ఫాస్ 6004 ఈ కోవలోవే, రెండూ కిలో లోపు బరువే. రష్యాలో ఇజెవ్స్క్‌లో తయారైన బైకాల్ 46ఎం కూడా ఇదే రకం. గురి విషయంలో దానికి మంచి పేరుంది కానీ 1.3 కిలోలు తూగుతుంది, ఈ వయసు భుజానికి నేను చెప్పను. లీవరు రకానికి ఒక లోపం ఉంది. ప్రతి షాట్‌కూ లాగాలి, లాగిన ప్రతిసారీ పట్టు కొత్తగా కుదుర్చుకోవాలి. 60 షాట్ల పోటీకి వచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది. అందుకే పైస్థాయిలో అందరూ సిలిండర్ పిస్టళ్లే వాడతారు. మొదటి రెండేళ్లకు మాత్రం ఇది లోటేమీ కాదు. కొనేముందు ఒక్కటి అడగండి: గాలి ఎక్కించకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే వీలుందా? అన్ని మోడళ్లలో ఉండదు. అది లేకపోతే ఇంటి సాధనకు ఎంత మంచి పిస్టలైనా దండగ.

కొనడం డీలర్ దగ్గరే, బిల్లుతోనే. ఎయిర్ గన్‌ల దిగుమతి మీద పరిమితులున్నాయి. చవకగా కనిపించిందని విదేశీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెడితే కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటారు. రిపేరు ఎవరు చేస్తారో కూడా అడిగి పెట్టుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ క్వాలిఫయింగ్ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి నిమిషాలకు నిమిషాలు కరిగిపోయాయి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. ఖరీదైన పిస్టల్‌కే ఆ గతి పట్టిందంటే, రిపేరు చేసేవాడు చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నాడా లేదా అన్నది మీరు ధర కంటే ముందు చూసుకోవాలి.

70 వేలూ పిస్టల్‌కే పోసేయకండి. పెల్లెట్లు 500 ఉన్న డబ్బాల్లో వస్తాయి. ఆదివారానికి 80 కాల్చినా ఆరు వారాలకు డబ్బా ఖాళీ. రేంజ్ ఫీజు, పోటీల ఎంట్రీ, ప్రయాణాలు వీటికి అదనం. పిస్టల్ కొని పెల్లెట్లకు డబ్బుల్లేక మానేసిన పిల్లలు ఉన్నారు.

ఇక భవిష్యత్తు. పేర్లయితే మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. గుంటూరు కుర్రాడు నేలవల్లి ముకేశ్ 2024లో లీమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు గెలిచాడు. వాళ్లను చూసి ఆశపడటం తప్పు కాదు, లెక్కలు మాత్రం వాళ్లను చూసి వేసుకోకూడదు. మీరు చూడాల్సిన మెట్టు కాస్త కిందది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో షూటింగ్ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో, బడి పిల్లల జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాళ్లు దానికి అర్హులు. రైల్వే, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటివి షూటర్లను తీసుకుంటాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనూ క్రీడా కోటా సీట్లుంటాయి. అందుకని ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టూ మొదటి రోజు నుంచి ఒక ఫైల్లో పెట్టండి. పదేళ్ల తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు వెతుక్కునే కుటుంబాలను చూస్తూనే ఉంటాను.

అమ్మాయి స్థాయి ఏమిటో తెలియాలంటే కోచ్ మెచ్చుకోలు చాలదు, స్కోరు కావాలి. పది మీటర్ల దూరం, పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, 75 నిమిషాల్లో 60 షాట్లు, షాట్‌కు పది చొప్పున మొత్తం 600 పాయింట్లు. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కాంస్యం గెలిచినప్పుడు క్వాలిఫయింగ్‌లో మను స్కోరు 580. మీరు నెలకోసారి పోటీలాగే గడియారం పెట్టించి 60 షాట్లు కాల్పించండి, మొత్తం రాసి పెట్టండి. బాగా వచ్చిన రోజు స్కోరు వదిలేసి, బాగా రాని రోజు ఎంత వచ్చిందో చూడండి. నా లెక్కలో, పదో తరగతి అయ్యేలోపు ఆ బాగా రాని రోజు కూడా 540 దగ్గర నిలబడితే అప్పుడు లక్షల పిస్టల్ మాట ఎత్తుకుందాం. 500 చుట్టూనే తిరుగుతుంటే మంచి అలవాటుగా కొనసాగనివ్వండి, అప్పులు చేయకండి.

ఎంపీసీకి ఈ ఆటతో ముప్పేమీ లేదు. జాతీయ పోటీలు ఎక్కువగా ఏడాది చివర్లో వస్తాయి, పబ్లిక్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో. ముప్పంతా హాస్టల్‌తోనే. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి దాకా నడిచే రెసిడెన్షియల్ కాలేజీలో వేశారంటే పిస్టల్ బీరువాలోనే ఉండిపోతుంది. చిత్తూరులోనో, అత్తయ్య వాళ్లింట్లో ఉంచి తిరుపతిలోనో డే స్కాలర్‌గా చేర్చండి. మీకు తిరుపతిలో అక్కయ్య గారి ఇల్లుంది కాబట్టి రెండోదే నాకు నచ్చుతుంది. అప్పుడు రేంజ్ కూడా ఊళ్లోనే.

మీ శ్రీమతి గారి రెండో భయం విషయానికొస్తే, 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (బారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అవసరం లేదు. అమ్మాయికి కొనబోయేది నాలుగు జౌళ్ల దగ్గర ఉంటుంది. అలాగని బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లు వేరే చోట, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. గోడ సాధన జరిగే గదిలోకి పెల్లెట్ డబ్బా రానేకూడదు. సెలవులకు వచ్చిన పిల్లలు పిట్టల మీద సరదాగా ప్రయత్నిస్తామంటే ఒప్పుకోకండి, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఇంకొకటి, ఆదివారం రేంజ్ నుంచి అటే కొండకు వెళ్లి దర్శనం చేసుకుందామనిపిస్తుంది. పిస్టల్ పెట్టె కారులో ఉంటే అలిపిరి తనిఖీలో ఆపేస్తారు, బిల్లు చూపించినా పైకి పోనివ్వరు. ముందు అక్కయ్య గారింట్లో దించేసి వెళ్లండి.