అందుబాటా, సుగమ్యతా?

సందేహం: మా కాలనీ కమ్యూనిటీ హాలుకు మూడు మెట్ల పక్కన ర్యాంపు కట్టిస్తున్నాం. గేటు దగ్గర బోర్డు పెట్టాలి. ఇంగ్లీషులో 'యాక్సెసిబుల్' అంటే అయిపోతున్నది. తెలుగులో ఒకరు 'అందుబాటు' అంటున్నారు, ఒకరు 'సుగమ్యత' అంటున్నారు, ఇంకొకరు 'ప్రాప్యత' రాయమంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మూడూ తప్పు మాటలు కావు. కానీ మూడూ ఒకే పనికి రావు.

'అందుబాటు' మన సొంత మాట. 'పడు' నుంచి వచ్చిన 'పాటు' ఇక్కడ 'బాటు' అయింది. కట్టుబాటు, సర్దుబాటు, తడబాటు ఈ కోవలోవే. మొదట ఉన్నది 'అందితే జుట్టు, అందకపోతే కాళ్లు' అనే సామెతలోని అందడమే, అంటే చెయ్యి చాపితే దొరకడం. వాడుకలో దీని అర్థం మూడు దిక్కులకు పోయింది. 'యూరియా అందుబాటులో ఉంది' అంటే సరుకు ఉందని. 'డాక్టరుగారు అందుబాటులో లేరు' అంటే మనిషి లేరని. 'అందుబాటు ధర' అంటే కొనగలిగిన ధర అని. వీటిలో ఏ ఒక్కటీ మెట్ల సంగతి చెప్పదు. 'అందుబాటులో ఉన్న మరుగుదొడ్డి' అని బోర్డు రాస్తే, దగ్గర్లోనే ఉందనో, తాళం వేసి లేదనో అనుకుంటారు. చక్రాల కుర్చీ లోపలికి పోయి తిరుగుతుందన్న అసలు కబురే అందులో ఉండదు. అనువాదాల్లో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

'ప్రాప్యత' అంటే పొందదగి ఉండటం. హక్కుల గురించి, సమాచారం గురించి రాసేటప్పుడు కొంత నప్పుతుంది. గుమ్మానికి నప్పదు.

'సుగమ్యత' దగ్గర కాసేపు ఆగాలి. 'గమ్' అంటే వెళ్లడం, 'గమ్య' అంటే వెళ్లదగినది, 'సు' చేరితే సుఖంగా వెళ్లదగినది. తెలుగులో 'గమ్యం' చేరవలసిన చోటుగా స్థిరపడింది కాబట్టి, 'సుగమ్యత' అనగానే మంచి గమ్యం అని కొందరు పొరబడతారు. అయినా 'మార్గం సుగమమైంది' అని పత్రికల్లో రోజూ చదువుతూనే ఉన్నాం. ఆ మాటను గుర్తు చేస్తే చాలు, ఇదీ అర్థమవుతుంది. దీనికి ఎదురు మాట ఓరుగల్లువాళ్లకు కొత్త కాదు: దుర్గం. కష్టపడితే గాని వెళ్లరానిది అని దాని అర్థం. మన కోటకు మట్టిగోడ, కందకం, రాతిగోడ ఉన్నాయి. ద్వారాల దగ్గర దారి నేరుగా పోక వంకర తిరుగుతుంది. అదంతా శత్రువును ఆపడానికి. హాలు ముందు మూడు మెట్లను ఎవరినీ ఆపాలని కట్టలేదు, కానీ చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఆ మూడే దుర్గం. 2015 డిసెంబర్ 3న కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమానికి 'సుగమ్య భారత్' అని పేరు పెట్టారు. భవనాలు, రవాణా, సమాచారం మూడూ దాని కిందికి వస్తాయి. కాబట్టి పథకానికి, విధానానికి, వ్యాసం శీర్షికకు సుగమ్యతే వాడండి.

బోర్డుకు మాత్రం నామవాచకం వద్దు, క్రియ వాడండి. మన దిక్కు 'ఆ తొవ్వల పోవస్తలేదు', 'ఈ మెట్లు ఎక్కరాదు' అంటారు, అంటే పోవడం, ఎక్కడం వీలు కాదని. ఎవరికి, ఏ పని చేయవస్తది అన్నదే అక్కడ ముఖ్యం. ఇంగ్లీషు మాట 'ఎవరికి' అన్నది చెప్పకుండానే నడుస్తుంది. తెలుగులో 'కి' విభక్తి లేకుంటే వాక్యం వెలితిగా ఉంటుంది. అందుకని 'చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి ఉంది' అని రాసి పక్కన బాణం గుర్తు వేయండి. మరుగుదొడ్డి మీద 'చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుంది' అని రాయండి. అక్షరాలు పెద్దవిగా, గోడ రంగుకు పూర్తి తేడాగా ఉండాలి.

ఆ మాట రాసేముందు టేపు పట్టి కొలవండి. ర్యాంపుకు ఎత్తు ఒకటైతే పొడవు కనీసం పన్నెండు ఉండాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడైతే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులు కావాలి. జాగ చాలక ఆరడుగుల్లో ముగిస్తే, కుర్చీని సొంతంగా ఎక్కించలేరు, దిగేటప్పుడు ముందుకు బోర్లాపడే ప్రమాదం ఉంది. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించండి. పైన తలుపు ముందు 1500 మిల్లీమీటర్ల చదును, తలుపుకు 900 మిల్లీమీటర్ల ఖాళీ వెడల్పు చూడండి. ఇవి లేకుంటే అది ర్యాంపే గాని, సుగమ్యం కాదు.

హాలు నియమావళిని పీడీఎఫ్‌గా పంచే పని ఉంటే అదీ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్ అయినా తెలుగుగా గుర్తించే అక్షర సంకేతాల్లో, టైపు చేయించండి. పాత డీటీపీ ఫాంట్లలో కంటికి తెలుగే కనిపిస్తుంది గాని, లోపల ఉండేవి వేరే సంకేతాలు. చూపు లేనివారికి పైకి చదివి వినిపించే ఫోన్ దాన్ని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. ఫొటో తీసి పెడితే, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ లేని ఫోన్ అసలే చదవదు. అలాంటి పత్రం గురించి 'వాట్సాప్‌లో అందుబాటులో ఉంది' అనవచ్చు. 'అందరికీ చదవవస్తది' అనలేం.