బావ ఫ్లాట్ల ఫొటోలు తీయమంటున్నాడు, కెమెరా మార్చాలా?

ప్రశ్న: పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్నాను. నా దగ్గర కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. మా బావ బ్రోకరు. గోరంట్ల, విద్యానగర్ వైపు ఫ్లాట్ల ఫొటోలు తీసిపెట్టమంటున్నాడు. మూఢం వస్తే మాకు పనుండదు కాబట్టి దీన్ని రెండో సంపాదనగా చేసుకుందామని ఉంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరా, డ్రోన్ కొనాలా? డబ్బులు ఎలా అడగాలి?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కెమెరా జోలికి పోకండి. అప్పు చేసి డ్రోన్ అసలే వద్దు. ముందు గట్టి ట్రైపాడ్ ఒకటి కొనండి. పెళ్లిలో మనుషులు కదులుతుంటారు కాబట్టి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే తీవ్రత) పెంచి, ఫ్లాష్ కొట్టి కానిచ్చేస్తాం, గోడలెక్కడికీ పోవు కదా, ఐఎస్ఓ 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం సైజు) పెట్టుకుని షట్టర్ అర సెకను పట్టినా ఇబ్బంది లేదు. కాకపోతే ఆ అర సెకనులో తిరిగే ఫ్యాన్ రెక్కలు అలుక్కుపోతాయి, మే నెలలో చెమటలు కారినా సరే ఫ్యాన్ ఆపాల్సిందే.

మీ లెన్స్ 18 దగ్గర పెడితే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో దాదాపు 29 ఎంఎం, ఎంఎం తగ్గేకొద్దీ గది ఎక్కువగా పడుతుంది. హాలుకి చాలు, చిన్న బెడ్‌రూమ్‌లో మాత్రం వెనక్కి జరగడానికి చోటుండదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక 10-18 లెన్స్ సెకండ్‌హ్యాండ్‌దైనా తీసుకోండి, కానీ ప్రతి గదినీ 10 దగ్గరే తీయకండి. ఒక్క మంచం పట్టే గది ఫంక్షన్ హాల్లా కనిపిస్తే, చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోనే మొహం మాడ్చుకుంటారు, తిట్లు మీ బావకి పడతాయి.

కొత్తవాళ్ల ఫొటో పట్టిచ్చేది గోడలే. కెమెరా కిందికో పైకో వంచితే గోడలు వాలిపోతాయి. ఛాతీ ఎత్తులో లెవెల్‌గా పెట్టి, తలుపు అంచు ఫ్రేము అంచుతో సమానంగా నిలబడిందో లేదో చూసి అప్పుడు నొక్కండి. వంటింట్లో మాత్రం ఇంకాస్త ఎత్తు కావాలి, గట్టు మీది గ్రానైట్ కనపడాలి. ఆ గట్టు మీద కుక్కరు, ఆవకాయ జాడీ, నూనె డబ్బా, గిన్నెలు తోమే పీచు అన్నీ తీయించి, సింకు పొడిగా తుడిచి, గ్యాస్ బండ ఉన్న తలుపు మూసి తీసిన ఫొటోకీ, వెళ్లగానే తీసిన ఫొటోకీ తేడా మీకే తెలుస్తుంది. ఇది ఏ కెమెరా చేసిపెట్టదు. అద్దెవాళ్లు ఉంటున్న ఇల్లయితే ముందురోజే ఫోన్ చేసి చెప్పించండి, గోడ మీది వాళ్ల పిల్లల ఫొటోలు ఫ్రేములోకి రానీయకండి.

కిటికీ తెల్లగా పేలిపోవడం, గది చీకటిగా పడటం మామూలే. మీ కెమెరాలో ఏఈబీ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగులో వరుసగా తీసే సెట్టింగ్) ఉంది, రెండేసి స్టాపుల (వెలుగు కొలత) తేడాతో మూడు ఫొటోలు రా (RAW) ఫైళ్లుగా తీయండి. రెండు సెకన్ల టైమర్ పెడితే ఒక్క నొక్కుకే మూడూ పడతాయి. తర్వాత లైట్‌రూమ్‌లో కలపండి, మరీ హెచ్‌డీఆర్ (ఇలా కలిపే పద్ధతి) పిచ్చి పట్టి గోడలు మెరిసిపోయేలా చేయకండి. పగటి వెలుగు చాలినచోట ట్యూబ్‌లైట్లు ఆపేయండి, లేకపోతే గోడకి రెండు రంగులొస్తాయి. తూర్పు ఫేసింగ్ ఇల్లు బయటినుంచి పొద్దున్నే తీయాలి, పడమర అయితే సాయంత్రం. మనవాళ్లు హాలు కంటే ముందు ఫేసింగే అడుగుతారు కాబట్టి గుమ్మం, పూజగది, కారు పార్కింగ్ వదిలేయకండి.

డ్రోన్ అమరావతి వైపు ప్లాట్ల వెంచర్లకి పనికొస్తుంది గానీ మూడో అంతస్తు ఫ్లాటుకి దేనికి? పైగా 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకి పనిచేయాలంటే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి.

ఇక డబ్బులు. మీ బావకి మొదటి ఇల్లు ఊరికే తీసిపెట్టండి, అదే మీ శాంపిల్. తర్వాత ఫొటోకింత అని కాకుండా ఇంటికింత అని చెప్పండి. ‘ఇల్లు అమ్ముడయ్యాక ఇస్తా’ అనే మాటకి బావ అన్నా ఒప్పుకోవద్దు. ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోకపోవచ్చు, మీ పని మాత్రం ఆ రోజే అయిపోయింది. ఇంకో విషయం, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. ‘ఈ ఫొటోలు నా పని చూపించుకోవడానికి వాడుకుంటాను’ అని వాట్సాప్‌లో ముందే రాసి, సరేననిపించుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఫ్లాటు పటమటలో ఉంది, అద్దెకివ్వాలి. ఫోన్‌తో తీసి పంపితే మసకగా ఉన్నాయంటున్నాడు.
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఫోన్ లెన్స్ చీర కొంగుతో తుడవండి, సగం మసక అదే. కర్టెన్లు జరిపి పగలే తీయండి. గ్రిడ్ ఆన్ చేసుకుని, ఫోన్ నిటారుగా పట్టుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.