ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం పెట్టబోయే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఉద్యమ్ సర్టిఫికెట్ ఫొటో చూశాను. సంతోషం. కానీ దాని కింద "ఇక పర్మిషన్లన్నీ వచ్చేసినట్టే పెద్దమ్మా" అని రాశావు చూడు, అందుకే ఈ ఉత్తరం. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారం నడుపుతున్నామని ఆధార్ పెట్టి మనంతట మనం చెప్పుకునే వివరం, అది ఉచితంగా ఇచ్చేదే. నెట్ సెంటర్ వాళ్లకు డబ్బులు ఇచ్చి ఉంటే అది వాళ్ల సంపాదన. గుంటూరు బ్రాడీపేటలో మీరు అద్దెకుంటున్న ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మొచ్చా లేదా అన్నది అందులో ఎక్కడా ఉండదు.

ఫుడ్ సేఫ్టీ వాళ్ల రిజిస్ట్రేషన్ కూడా అంతే. ఆ 14 అంకెల నంబరు లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకు. అయితే వాళ్లు చూసేది శుభ్రత, నీళ్లు, సరుకు. నీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో వాళ్లకు అక్కర్లేదు. ఏ ఆఫీసు కాగితం ఆ ఆఫీసుదే, ఒకటి చూపించి ఇంకోటి తప్పించుకోలేం.

నగరానికి మాస్టర్ ప్లాన్ ఉంటుంది. ఏ స్థలం నివాసానికి, ఏది వాణిజ్యానికి అన్నది అందులోనే ఉంటుంది. ఇంటి ప్లాన్ పాస్ చేసేటప్పుడు ఆ భవనం దేనికోసమో మళ్లీ విడిగా రాస్తారు. నువ్వు రెండూ చూడాలి. "ఎదురింటి కింద టైలరింగ్ షాపు ఉందిగా" అనుకోకు. వాళ్ల కాగితాలు ఏమిటో మనకేం తెలుసు?

డోరు నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు తీసుకుని వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలువు. ఊరికే "బిజినెస్ పెడుతున్నాం" అంటే ఫ్యాక్టరీ ఏమో అనుకుంటారు. ఉన్నదున్నట్టు చెప్పు: కాపురం అక్కడే, పచ్చళ్లు పెట్టేది ఒక గదిలో, ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వస్తారు, షాపు తెరవం, బోర్డు పెట్టం, సరుకు కొరియర్‌లో వెళ్తుంది. దీనికి ట్రేడ్ లైసెన్స్, అంటే వ్యాపారానికి కార్పొరేషన్ ఇచ్చే అనుమతి, కావాలా అని కూడా అడుగు. నోటిమాటతో తిరిగి రాకుండా అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఆఫీసరు మారితే మాట మారుతుంది, రసీదు మారదు.

ఇంకో సంగతి. ఇళ్లలో నడిచే వ్యాపారాల దగ్గరికి అధికారులు వాళ్లంతట వాళ్లు రావడం తక్కువ, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తేనే వస్తారు. మన పనిలో ఆ ఫిర్యాదు ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు: మిరపకాయల దగ్గర. గుంటూరులో ఉండి కారం ఇంట్లో కొట్టించడమేంటి, మిల్లులో ఆడించుకుని రా. మేడ మీద మామిడి ముక్కలు ఆరబోస్తే ఎవరూ ఏమీ అనరు, ఎండుమిరప ఘాటుకు వీధి వీధంతా దగ్గితే మాత్రం ఊరుకోరు. రాత్రి 10 దాటాక గ్రైండర్ వేయొద్దు. 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో శబ్దం పరిమితి 45 డెసిబెల్స్, పెద్ద గ్రైండర్ చప్పుడు దాన్ని దాటిపోతుంది. కొరియర్ ఆటో గేటుకు అడ్డంగా నిలబడకూడదు. కింద పార్కింగ్‌లో నూనె డబ్బాలు పేర్చకూడదు, అది బండ్ల కోసం చూపించిన స్థలం.

కరెంటు మాట. ఇంటి మీటరు మొదటి కేటగిరీ, వ్యాపారానిది రెండో కేటగిరీ. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపినట్టు తేలితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు కట్టమంటారు. ఎప్పటి నుంచో తేలకపోతే 12 నెలలకు లెక్క వేస్తారు. ఆ గదికి వేరే మీటరు కావాలా అని ముందే డిస్కమ్‌కు, అంటే కరెంటు ఇచ్చే కంపెనీకి, రాయి. గ్యాస్ కూడా 14.2 కిలోల ఇంటి సిలిండర్ వద్దు, 19 కిలోలది తీసుకో.

హైదరాబాద్‌లో మన వాళ్లు చాలామంది ఉన్నారని అక్కడికే ఎక్కువ పంపుదామనుకుంటున్నావు కదా. ఆంధ్రలోనే అమ్ముకుంటే సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అడగరు. హైదరాబాద్ 2014 నుంచి వేరే రాష్ట్రంలోది. అక్కడికి అమ్మితే మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. దానికి అద్దె అగ్రిమెంట్ గానీ, ఇంటి ఓనర్ సమ్మతి పత్రం గానీ అడుగుతారు.

ఓనర్ గారితో మాట్లాడే పని అల్లుడి మీద వదిలేయకు, నువ్వూ వెళ్లు. నివాసానికి వేసే ఆస్తి పన్ను వేరు, వ్యాపారానికి వేసేది వేరు. కార్పొరేషన్ వాళ్లు వాడకం మార్చి రాస్తే డిమాండ్ నోటీసు ఆయన పేరు మీదే వస్తుంది. పెరిగిన తేడా మేమే కడతామని అద్దె అగ్రిమెంట్‌లో రాయిస్తామని చెప్పు, సగం మంది ఓనర్లు అక్కడే మెత్తబడతారు. ఆయన ఒప్పుకోకపోతే దాచి పెట్టొద్దు, వేరే ఇల్లు చూసుకుందాం.

గ్రైండర్‌కు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదుగా? ఓనర్ సంతకం పెట్టిన కాగితం, సచివాలయం రసీదు నాకు వాట్సాప్‌లో పంపాకే ఇవ్వు.

మీ పెద్దమ్మ,
సత్యనారాయణపురం, విజయవాడ