సెమినార్‌లో మధ్యలో ఆగిపోయింది, పీహెచ్‌డీకి పంపొచ్చా?

ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ. మార్కులు బాగానే వస్తాయి కానీ మొన్న సెమినార్‌లో మధ్యలో ఆగిపోయింది, తన క్లాస్‌మేట్ మాత్రం గడగడా చెప్పేశాడు. పీహెచ్‌డీకి పంపాలా, లేక సైన్స్‌ని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పడం నేర్పే సైన్స్ కమ్యూనికేషన్ కోర్సులో చేర్పిస్తే మాటా వస్తుంది, కెరీరూ ఉంటుంది కదా, ఏది మంచిది?"

ఇలాంటివి నాకు చాలా వస్తాయండీ. పైకి కోర్సు గురించి అడుగుతారు గానీ లోపల భయమంతా నలుగురిలో నోరు విప్పలేని పిల్ల సైన్స్‌లో ఎలా నెగ్గుకొస్తుందనే. నెగ్గుకొస్తుంది, మాట్లాడటం నేర్చుకుంటే వచ్చే పనే. మైకేల్ ఫారడే అంతటి సైంటిస్టే బెంజమిన్ స్మార్ట్ అనే ఆయన దగ్గర ఉపన్యాసం ఎలా ఇవ్వాలో పాఠాలు చెప్పించుకున్నాడు, తర్వాత లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక్క కొవ్వొత్తిని అడ్డం పెట్టుకుని పిల్లలకి వరసగా కెమిస్ట్రీ లెక్చర్లిచ్చాడు.

ఇక సైన్స్ కమ్యూనికేషన్. ఇప్పుడు అందరి నోటా ఇదే, లక్షల వ్యూస్ వచ్చిన నాలుగు ఛానళ్లు చూసి ఇదే భవిష్యత్తు అనుకుంటున్నారు, వ్యూస్ రాక ఆగిపోయిన ఛానళ్లు మనకి కనపడవు కదా. అందులో మంచి పనులు లేవని కాదు, మ్యూజియంలో, పత్రికలో, రీసెర్చ్ సంస్థల్లో ఉంటాయి, కానీ సీట్లు తక్కువ, అదంటే ప్రాణం పెట్టేవాళ్లే అక్కడ నిలబడతారు. అయినా ఒక్కటి ఆలోచించండి, స్టేజ్ అంటే భయపడే పిల్లని రోజూ స్టేజే ఉండే ఉద్యోగానికి పంపుతానంటున్నారు మీరు!

కోపం తెచ్చుకోకండి గానీ, ఏ స్లైడ్ దగ్గర ఆగిందో అడిగారా అసలు? క్లాస్‌మేట్‌తో పోల్చడం మాత్రం జరిగిపోయింది. ఆ పోలికే వచ్చే సెమినార్‌లో గొంతు పట్టేసేది. చాలామంది పిల్లలు ఆగిపోయేది రీసెర్చ్ పేపర్లోంచి ఎత్తి పెట్టిన పేరాగ్రాఫ్ దగ్గరే, ఎందుకంటే అది వాళ్ల మాట కాదు. స్లైడ్ పైన "ఫలితాలు" అని పెట్టే బదులు "ఉప్పు పెరిగితే ఈ ఎంజైమ్ పని మందగిస్తోంది" అని పూర్తి వాక్యం పెట్టమనండి, మర్చిపోయినా అది చదివితే చాలు, దారి దొరుకుతుంది. గ్రాఫ్ వస్తే ముందు అడ్డం గీత ఏంటి, నిలువు గీత ఏంటి చెప్పి, ఆ తర్వాతే ఫలితం. మొదటి రెండు వాక్యాలు కంఠతా వస్తే చాలు, మొత్తం బట్టీ పడితే ఒక్క ముక్క జారినా అంతా పోతుంది. తెలియని ప్రశ్న వస్తే "అది మేం టెస్ట్ చేయలేదు, చేయాలంటే ఇలా చేయొచ్చు" అనడం తప్పేం కాదు, మంచి సైంటిస్టులు అలాగే చెప్తారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్ పోటీ ఉంది, పీహెచ్‌డీ విద్యార్థులు తమ రీసెర్చ్ అంతా చెప్పాలి, మూడు నిమిషాలు, ఒకే స్లైడ్. అదే ఇంట్లో పెట్టుకోండి, మీరు ఎదురుగా కూర్చుని అర్థం కాని చోట మాత్రమే ఆపండి, ఇంగ్లీష్ గురించి ఒక్క మాట అనొద్దు.

పీహెచ్‌డీ సంగతి ల్యాబ్ పని తనకి ఎంత ఇష్టమో చూసి తేల్చుకోండి. ఇష్టముంటే అప్లై చేయనివ్వండి, అక్కడ ల్యాబ్ మీటింగులు, రీసెర్చ్ పేపర్లు చదివి చర్చించుకునే జర్నల్ క్లబ్బులు ఎలాగూ ఉంటాయి, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్తూ ఉంటే అలవాటైపోతుంది.