11 పాయింట్లతో ఓపెన్ చేయొచ్చా?

ప్రశ్న: బ్రిడ్జ్ పేకాటలో 12 పాయింట్లు లేనిదే ఓపెన్ చేయకూడదంటాడు, అంటే వేలంలో మొదటి బిడ్ వేయకూడదంటాడు నా పార్ట్‌నర్. మొన్న నేను డీలర్‌ని. ఇస్పేటు ఆసు, 10, 9, 5, 3. ఆఠీను రాజు, జాకీ, 10, 4. డైమన్ రాజు, 6. కళావరు 7, 2 వచ్చాయి. 11 పాయింట్లే అయినా ఒక ఇస్పేటు అన్నాను. కాంట్రాక్ట్ (వేలంలో గెలుస్తామని ఒప్పుకున్న ట్రిక్కుల లెక్క) ఒక ట్రిక్కు తేడాతో పోయింది. తప్పు నాదేనా?

జవాబు: కాదండీ, నేనైనా అదే బిడ్ చేస్తాను. ఒక్క ఆట పోయినంత మాత్రాన బిడ్ తప్పయిపోదు.

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్కలో ఆసు విలువ కాస్త తక్కువగా, రాణీ జాకీల విలువ కాస్త ఎక్కువగా పడుతుంది, పైగా సూట్ల పొడవు అందులోకి రానే రాదు. ఆ లోటు తీర్చడానికే 20 సూత్రం: పాయింట్లకు మీ రెండు పొడుగు సూట్లలోని ముక్కల సంఖ్య కలపండి, 20 వస్తే తెరవండి. మీకు 11, 5, 4 కలిపి సరిగ్గా 20. అదే నాలుగు సూట్లూ 4-3-3-3 ముక్కలుగా, నిండా రాణులూ జాకీలతో 12 వస్తే మొత్తం 19 దాటదు, నేను హాయిగా పాస్ అంటాను.

అయితే ఈ సూత్రానికీ కళ్లు లేవు. ఇస్పేట్లు 9, 7, 5, 3, 2గా ఉండి, నాలుగు ఆఠీన్లలో బొమ్మ జాకీ ఒక్కటే అయి, మిగతా బలమంతా రెండేసి ముక్కలున్న డైమన్ రాజు రాణి, కళావరు ఆసు జాకీల్లో ఇరుక్కున్నా లెక్క 20కే వస్తుంది, కానీ దాన్ని తెరవను. మీ బొమ్మలు చాలావరకు పొడుగు సూట్లలోనే ఉన్నాయి, 10లు వాటికి తోడున్నాయి. రెండో బిడ్‌కీ వెతుక్కోనక్కర్లేదు, ఆఠీన్లు సిద్ధంగా ఉన్నాయి.

మూడో స్థానంలో, పార్ట్‌నర్ అప్పటికే పాస్ అని ఉంటే, ఇంకాస్త తక్కువతోనూ తెరవొచ్చు. నాలుగో స్థానంలో, ముందు ముగ్గురూ పాస్ అన్నాక, మాత్రం పాయింట్లకు ఇస్పేట్ల సంఖ్య కలిపి 15 రావాలి, లేదంటే పాస్ అని ఆ డీల్‌ని సున్నాతో వదిలేయడమే మేలు.

మీ పార్ట్‌నర్ కోపంలోనూ కొంత న్యాయముంది లెండి. మీ ఓపెనింగ్‌కు కనీసం 12 ఉంటాయనుకుని తన దగ్గర 13 ఉన్నాయని ఆయన గేమ్‌కి (బోనస్ తెచ్చే పెద్ద కాంట్రాక్ట్‌కి) వెళ్తాడు కదా. ఇలాంటి 11లు తెరుస్తానని ఆటకు ముందే చెప్పండి, ఒప్పుకోకపోతే ఆయనతో ఆడేటప్పుడు 12కే కట్టుబడండి.