అడగండి, చెబుతా: దొంగ కారు మా వాడిదే!

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. నా ఫోన్లో పోలీసు కార్ల ఛేజింగ్ గేమ్ ఆడుతున్నాడు. అందులో వీడే దొంగ. పోలీసు బండ్లను గుద్ది తప్పించుకుంటే పాయింట్లు. "వీడు రేపు దొంగే అవుతాడు" అని మా అత్తగారు ఒకటే గొడవ. ఫోన్ లాక్కుంటే అన్నం తినకుండా అలుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి భయం సంగతి చూద్దాం. ఆవిడా చిన్నప్పుడు దొంగా పోలీసాట ఆడే ఉంటారు. దొంగ అవ్వడానికి ఎంత పోటీ ఉండేదో మెల్లిగా అడగండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్ నడిపే రోజుల్లో కాలేజీ కుర్రాళ్లంతా వైస్ సిటీ కోసమే వచ్చేవాళ్లు. 2002లో వచ్చిన గేమ్ అది. పోలీసుల జోలికెళ్తే స్క్రీన్ మూల స్టార్లు పడతాయి, ఆరు పడ్డాయా, ఏకంగా ఆర్మీయే దిగుతుంది. కీబోర్డు మీద 'లీవ్ మీ అలోన్' అని కలిపి కొడితే స్టార్లన్నీ మాయం. ఆ కోడ్‌ని నోట్సు చింపి రాసుకుని, హాల్‌టికెట్ కంటే భద్రంగా జేబులో పెట్టుకొచ్చేవాళ్లు. వాళ్లలో కొందరు ఇప్పటికీ కనిపిస్తారు. ఒకడు బ్యాంకులో లోన్లు చూస్తున్నాడు, హెల్మెట్ లేకుండా గడప దాటడు.

అలాగని ఏ గేమైనా పర్లేదనను. ఆ వైస్ సిటీ ఉన్న జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) సిరీస్ పెద్దవాళ్లది. 2013లో వచ్చిన ఐదో భాగానికి యూరప్‌లో 18 ఏళ్ల రేటింగ్ ఇచ్చారు. ఛేజింగ్ ఒక్కటే కాదు, అందులో నెత్తురూ బూతులూ కూడా ఉంటాయి. తొమ్మిదేళ్ల వాడికి అది వద్దే వద్దు. ప్లే స్టోర్‌లో ప్రతి గేమ్ పేజీలోనూ 3+, 7+, 12+ అని ఉంటుంది, ముందు అది చూడండి. ఆ ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోనే పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెడితే అంతకు మించినవి దిగవు. ఇప్పటికే ఫోన్లో ఉన్నవాటిని మాత్రం అది ఆపదు, మీరే తీసేయాలి. ఆ పిన్ మీ బాబు పుట్టినరోజు కాకుండా చూసుకోండి, వాళ్లు మొదట కొట్టేది అదే.

ఇక అలక. ఈ ఉచిత ఛేజింగ్ గేముల్లో చాలావాటికి ముగింపంటూ ఉండదు, దొరికేదాకా పరుగే. వెనకాల నాలుగు జీపులు తరుముతుండగా మీరు ఫోన్ లాక్కుంటే వాడికి ఒళ్లు మండదా? "ఈసారి దొరకగానే ఇచ్చెయ్, అన్నం వడ్డిస్తున్నా" అని ముందే చెప్పి, పక్కనే కూర్చోండి. దొరకగానే 'మళ్లీ ఆడు' బటనో, యాడో వస్తుంది. చెయ్యి చాచాల్సింది సరిగ్గా అప్పుడే. యాడ్‌ల పోరు మరీ ఎక్కువైతే డేటా ఆపేసి ఇవ్వండి, చాలా గేములు నెట్ లేకుండానే నడుస్తాయి.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే లెగో సిటీ అండర్‌కవర్ కొనివ్వొచ్చు. అందులో పిల్లాడే పోలీసు, ఛేజింగులకు కొదవ లేదు. మీ అత్తగారికీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: నాకు 15. ఏ కార్ గేమ్‌లోనైనా పోలీసులకు దొరకను. స్కూటీ ఇమ్మంటే నాన్న ఇవ్వడం లేదు. మీరైనా చెప్పండి అంకుల్.
– కొరిటెపాడు, గుంటూరు

జవాబు: చెప్పను నాయనా, మీ నాన్నదే కరెక్టు. గేమ్‌లో డివైడర్‌కి కొట్టినా కారు మళ్లీ రోడ్డు మీదికొచ్చి నిలబడుతుంది. లాడ్జి సెంటర్‌లో ఆటోవాడు సడన్‌గా తిప్పితే నీకా అవకాశం ఉండదు. పైగా, మోటారు వాహనాల చట్టానికి 2019లో 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనర్ నేరం చేసి దొరికితే తండ్రికో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. నీకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 16 నిండాక 50 సీసీ మించని బండికి లైసెన్సు తీసుకోవచ్చు కానీ, మీ ఇంట్లో స్కూటీ ఆ లెక్కలోకి రాదు. 18 నిండగానే లెర్నర్స్‌కి అప్లై చెయ్యి. ఈలోగా సైకిలు తొక్కు.